నాయకుడు ఆమేన్ అన్న గేటు

పాస్టరు తమ్ముళ్ళూ, మొన్న మీరంతా నన్ను పిలిచి, శాలువా కప్పి, టీ ఇచ్చి, ఆఖర్న ఒక ప్రశ్న అడిగారు. "అయ్యగారూ, వాక్యం చెప్పే పుల్పిట్ మీద నుంచి రాజకీయ నాయకులతో మాట్లాడొచ్చా, కూడదా?" అని. మర్యాదకు నవ్వి ఊరుకున్నాను గానీ లోపల ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి పడుకున్నా ఆ మంట చల్లారలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాట్లాడొచ్చా అని ఇప్పుడు అడుగుతారేంటి? ఇన్నేళ్ళూ మనం చేస్తున్నదేంటి మరి? క్రిస్మస్‌కి నాయకుడు వస్తే పాట మధ్యలో ఆపేస్తాం. ముందు వరసలో కూర్చున్న ముసలాయన్ని లేపి ఆ కుర్చీ ఆయనకు వేస్తాం. కేకు ఆయన చేతే కోయిస్తాం. వాక్యం చెప్పాల్సిన మైకు ఆయన చేతికిస్తాం. చివర్న తల మీద చెయ్యి పెట్టి "ఈ బిడ్డను ఇంకా హెచ్చించు ప్రభువా" అంటాం. ఇదంతా నాయకుడితో మాట్లాడటం కాదా? పొగిడితే ఆరాధన, అడిగితే రాజకీయం! ఈ న్యాయం మనకు ఎవరు నేర్పారో చెప్పండి, వెళ్ళి వాళ్ళను కడిగేసి వస్తాను.

సరే, కోపం పక్కన పెట్టి జరిగింది చెబుతాను. కోపం పక్కన ఉండదనుకోండి, ప్రయత్నిస్తాను.

రిటైరయ్యే ముందు నేను తిరువూరులో పనిచేశాను. సంఘం పెద్దదే. ముందు కుర్చీల్లో టీచర్లు, ఆఫీసు ఉద్యోగులు. వెనక చాపల మీద పత్తి తీతకీ వరి నాటుకీ పోయే కుటుంబాలు. ఊరి బయట మా సమాధుల తోట ఉంది. దానికి పాతకాలం నుంచీ ఒకటే బండ్ల బాట. ఆ బాటకు రెండు పక్కలా ఉన్న మామిడి తోట ఒక ఆసామి చేతికి వచ్చింది. వచ్చీ రాగానే ఆయన బాటకు అడ్డంగా రెండు స్తంభాలు కట్టించి, ఇనప గేటు పెట్టి, గొలుసు చుట్టి తాళం వేశాడు. ఏమంటే, కాయలు పోతున్నాయట. మా శవాలు లేచి ఆయన కాయలు కోసుకుపోతున్నాయి కాబోలు!

ఎవరైనా చనిపోతే ఆయన ఇంటి ముందుకు వెళ్ళి నిలబడి తాళంచెవి అడుక్కోవాలి. ఆయన ఊళ్ళో ఉంటే ఇస్తాడు, మనసుంటే ఇస్తాడు. ఒకసారి ఆయన విజయవాడలో ఉన్నాడని, వచ్చేదాకా ఆగమన్నారు. ఎండలో ఎంతసేపని ఆగుతారు? పెట్టె భుజాన వేసుకుని వెనక వైపు వాగులోంచి తీసుకెళ్ళారు. వాగు మధ్యలో ముందు పట్టుకున్న మనిషి కాలు జారింది. పెట్టె ఒక పక్కకు ఒరిగి నీళ్ళు తాకింది. ఆడవాళ్ళంతా కేకలు పెట్టారు. నేను బైబిలు నెత్తిన పెట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాను. ఆ కేకలు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి.

ఆ రోజు గట్టు మీద కూర్చుని అదంతా చూసిన ముసలమ్మ ఒకామె ఉంది. భర్త సమాధి ఆ తోటలోనే ఉంది. ఏటా ఈస్టర్‌కి ముందు శనివారం మా వాళ్ళు సమాధుల చుట్టూ గడ్డి పీకి సున్నం వేస్తారు. మర్నాడు తెల్లారగట్ల కొవ్వొత్తులు వెలిగించి అక్కడే ఆరాధన చేస్తాం. ఆమె తన భర్త సమాధికి ఇంకెవర్నీ సున్నం వెయ్యనిచ్చేది కాదు, కూతుర్ని కూడా. అటువంటి మనిషి ఆ వాగు చూసిన తర్వాత మంచం పట్టింది. నేను ప్రార్థనకు వెళ్ళినప్పుడల్లా ఒకటే మాట.

"అయ్యగారండీ, నన్ను మాత్రం వాగులో నుంచి తీసుకెళ్ళొద్దండి. బాటన తీసుకెళ్ళండి. పెళ్ళయ్యాక, రోడ్డు లేని రోజుల్లో, ఆయన నన్ను బండి మీద తీసుకొచ్చింది ఆ బాటనే."

"అట్టాగేనమ్మా" అనేవాణ్ణి. ఏ ధైర్యంతో అన్నానో దేవుడికే తెలియాలి.

ఆ తోట ఆసామి ఒక నాయకుడి కుడిభుజం. ఆయన ఏ పార్టీ అని అడక్కండి. ఏదైనా ఒకటే, జెండా గుడ్డ మారుతుంది, కర్ర అదే. గేటు సంగతి చెప్పడానికి నేనూ మా సంఘం సెక్రటరీ గారూ ఆ నాయకుడి ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళామో. సెక్రటరీ గారు రిటైరైన హెడ్మాస్టరు, పద్ధతి గల మనిషి. వెళ్ళిన ప్రతిసారీ నాయకుడు కాఫీ ఇప్పించేవాడు. "చూద్దాం అయ్యగారూ, మనవాడే కదా, చెబుతాను" అనేవాడు. కాఫీ బాగుండేది. గేటు మాత్రం అట్టాగే ఉండేది.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. ఆ ఏడు ఈస్టర్ సరిగ్గా ప్రచారం మధ్యలో పడింది. శనివారం మా ఆడవాళ్ళు సున్నం బకెట్లు పట్టుకుని తోటకు వెళ్ళి, వెళ్ళినట్టే తిరిగొచ్చారు. తాళం. తాళంచెవి అడిగితే ఆసామి ప్రచారంలో ఉన్నాడన్నారు. బకెట్లు చర్చి మెట్ల మీద వరసగా పెట్టి కూర్చున్నారు. ముసలమ్మ కూతురు లేచి నా దగ్గరికొచ్చింది. పత్తి తీసీ తీసీ చీలిపోయిన వేళ్ళకు సున్నం అంటుకుని మంట పెడుతోందో ఏమో, చేతులు చీరకు తుడుచుకుంటోంది.

"రేపు ఆ నాయకుడు మన చర్చికొస్తన్నాడంటగా అయ్యగారండీ?"

"వస్తున్నాడంటమ్మా."

"మేం అడిగితే వాళ్ళకి వినపడదండి. మీకు మైకుంది. మీరడగండి."

మైకు వేపు అప్పటిదాకా నేనెప్పుడూ అట్లా చూడలేదు.

సాయంత్రం కమిటీ కూర్చుంది. సెక్రటరీ గారు శాలువా కొనుక్కుని మరీ వచ్చారు. నేను గేటు మాట ఎత్తగానే చెయ్యి అడ్డం పెట్టారు.

"అయ్యగారూ, దయచేసి వద్దండి. గుడి వేరు, రాజకీయం వేరు. పైగా ఎన్నికల కోడ్ ఉంది."

"మరి ఆయన్ని పిలిచి మైకు ఇచ్చేటప్పుడు ఆ కోడ్ ఎక్కడికి పోతుందండీ?"

"అది మర్యాదండి. ఇంటికొచ్చిన మనిషికి మర్యాద చెయ్యకపోతే ఎట్టా?"

"ఇంటికొచ్చిన మనిషే మన పెద్దల సమాధులకు తాళం వేయిస్తే?"

"వేయించింది ఆయన కాదుగా. ఆయన మనిషి."

అందరూ తల ఊపారు. అందులో ఇద్దరి తల్లిదండ్రులు ఆ తోటలోనే ఉన్నారు. వాళ్ళూ ఊపారు.

మరునాడు తెల్లారగట్ల, సమాధుల మధ్య జరగాల్సిన పండగ ఆరాధన చర్చిలో ట్యూబులైట్ల కింద జరిగింది. కొవ్వొత్తులు తెచ్చినవాళ్ళు వాటిని ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. సున్నం బకెట్లు మెట్ల మీదే ఉన్నాయి. నేను ప్రసంగం మధ్యలో ఉండగా బయట కార్లు ఆగాయి. నాయకుడు వచ్చాడు, వెనక తోట ఆసామి, వాళ్ళ వెనక ఒక మంద. ఆ బకెట్లు తప్పించుకుంటూ, చెప్పులు విడిచి, చేతులు జోడించుకుంటూ లోపలికొచ్చారు. ఇంకేముంది, నా ప్రసంగం గాలికి పోయింది. సెక్రటరీ గారు శాలువా కప్పారు. నాయకుడు మైకు తీసుకుని, నేను ఎప్పుడూ మీవాణ్ణే అన్నాడు, మీ ఆశీర్వాదం నాకు కావాలన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "అయ్యగారు తల మీద చెయ్యి పెట్టి నా గెలుపు కోసం ప్రార్థన చెయ్యాలి" అని మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

ఇక్కడ మన పద్ధతి ఒకటి గుర్తు చేస్తాను. పాస్టరు ప్రార్థన చేస్తూ ఆగిన చోటల్లా సంఘం ఆమేన్ అంటుంది. నాయకులు ఇది ఎప్పుడో కంఠతా పట్టారు. ఈయన పక్కనున్న మనిషి ఇంకో మైకు ఈయన నోటి దగ్గరే పట్టుకున్నాడు, ఆ ఆమేన్ ఊరంతా వినపడాలని. ఇంకో పద్ధతి కూడా ఉంది. ప్రార్థన జరిగేటప్పుడు ఆకాశం విరిగి పడ్డా ఎవరూ కళ్ళు తెరవరు, ఎవరూ అడ్డు తగలరు. ఆలస్యంగా వచ్చేవాళ్ళను, పక్కింటివాళ్ళతో కొట్లాడేవాళ్ళను మనం ఎప్పుడు తిడతాం? ప్రార్థనలోనేగా! ఎదురుగా అనలేనివన్నీ కళ్ళు మూసుకుని దేవుడికి చెబుతున్నట్టు చెబుతాం.

నేను ముందుగా ఏమీ అనుకోలేదు. ఆయన తల మీద చెయ్యి పెట్టాను. నూనె రాసి నున్నగా దువ్విన తల. కళ్ళు మూసుకోబోతుంటే చాపల మీద ముసలమ్మ కూతురు కనిపించింది. ఆమె కళ్ళు మూసుకోలేదు. నన్నే చూస్తోంది. నేను మూసుకున్నాను.

"ప్రభువా, ఈ వేళ మేము సమాధుల తోటలో ఉండాలి" అన్నాను.

"ఆమేన్!" అన్నాడు నాయకుడు, గోడలు అదిరేలా.

"ఆ దారికి తాళం వేసి ఉంది."

"ఆమేన్!"

"ఆ తాళం వేసినవాడు ఈ బిడ్డ మనిషే. ఈ బిడ్డ ఒక్క మాట చెబితే తీస్తాడు."

"ఆమేన్!" ఈసారి స్వరం కొంచెం తగ్గింది.

"ఈ బిడ్డ ఈ పూట అన్నం ముట్టకముందే ఆ మాట చెప్పేలా చెయ్యి ప్రభువా."

"ఆమేన్..."

"చెప్పకపోతే, మా శవాలకు దారి ఇవ్వనివాడికి మా మీద అధికారం కూడా ఇవ్వొద్దు ప్రభువా."

అలవాటు పడిన నోరు కదా, ఆగలేదు. "ఆమే" దాకా వచ్చి గొంతులో ఇరుక్కుంది. మిగతాది చాపలన్నీ కలిసి పూర్తిచేశాయి. నా ఉద్యోగ జీవితంలో అంత పెద్ద ఆమేన్ నేను వినలేదు.

నాయకుడు లేచాడు. మొహం గంటు పెట్టుకున్నా పెదాలు మాత్రం నవ్వుతున్నాయి. చర్చి నిండా ఫోన్లు పైకి లేచి ఉన్నాయి మరి. "అయ్యగారు చెప్పారంటే దేవుడు చెప్పినట్టే" అన్నాడు మైకులో. వెళుతూ వెళుతూ ఆసామి చెవిలో ఏదో అన్నాడు. ఆసామి మొహం కందగడ్డ అయింది.

అన్నాల వేళకు గేటు తెరిచారు. మా ఆడవాళ్ళు ఆ మండుటెండలో బకెట్లు ఎత్తుకుని పరుగెత్తారు. ముసలమ్మను కూతురు ఆటోలో తీసుకొచ్చింది, ఆ బాట మీదనే. నలుగురు పట్టుకుని కిందికి దించి సమాధి పక్కన కూర్చోబెట్టారు. కుంచె పట్టుకోలేకపోయింది. అరచేతిని సున్నంలో ముంచి రాతి మీద రాసింది. పండగంటే అది, తమ్ముళ్ళూ.

ఆ తర్వాత మొదలైంది నా పండగ. ఆ వీడియో ఊళ్ళు తిరిగింది. మర్నాడు సాయంత్రం అవతలి పార్టీవాళ్ళు దిగారు, చేతిలో శాలువా! "భలే బుద్ధి చెప్పారు అయ్యగారూ. మాకూ ఒక ప్రార్థన చెయ్యండి" అన్నారు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. "ఏం, మీ మనుషుల తోటలకు గేట్లు లేవా? కూర్చోండి, వాటి కోసం కూడా ప్రార్థిస్తాను" అన్నాను. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

సెక్రటరీ గారు మా చర్చి పై పెద్దలకు ఫిర్యాదు చేశారు. అది నా వెనక చెయ్యలేదు, నా ఎదురుగా కూర్చుని మరీ చెప్పారు.

"తప్పు మీదేనండి. ప్రార్థన దేవుడికి చెయ్యాలి గానీ నాయకుడికి చెయ్యకూడదు. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని మనిషిని కొట్టారు మీరు."

ఆ మాటకు నాకు ఎంత కోపం వచ్చిందంటే, గ్లాసు విసిరేసేవాణ్ణే. ఎందుకంటే అందులో నిజం ఉంది. పుల్పిట్ మీద నిలబడి, నాయకుడి కళ్ళలోకి చూసి, "అయ్యా, గేటు తీయించండి, మేము అడిగేది దానం కాదు, దారి" అని సూటిగా అనాల్సింది. కళ్ళు మూసుకుని అన్నాను. కానీ సెక్రటరీ గారు కుర్చీలో కూర్చుని నాకు ప్రార్థన నేర్పుతుంటే, వాగులో పెట్టె ఒరిగిన రోజు ఈయన నోట ఒక్క మాటైనా వచ్చిందా అనిపించింది. ఆ మాటే అనేశాను. ఆయన లేచి వెళ్ళిపోయారు.

నాకు బదిలీ అయింది. వినగడప వైపు ఒక చిన్న సంఘానికి వేశారు. "మీ ఆరోగ్యం దృష్ట్యా" అన్నారు. నా ఆరోగ్యం గుర్రంలా ఉంది. తోటి పాస్టర్లు ఫోన్లు చేసి, "ఎందుకన్నా మనకీ రాజకీయాలు" అని ఓదార్చారు. ఆ ఓదార్పు కన్నా తిట్టినా బాగుండేది. రాజు మొహం మీదే తప్పు చెప్పిన ప్రవక్తల మీద గంటలు గంటలు ప్రసంగాలు చేస్తామే, ఆ ప్రవక్తలు ఇప్పుడు వస్తే మనమే బదిలీ చేయించేటట్టున్నాం.

ఎన్నికలైపోయాయి. ఆయన గెలిచాడో ఓడాడో చెప్పను. చెబితే మీరు దాన్ని నా ప్రార్థన ఫలం అనో, అబద్ధం అనో లెక్క కడతారు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న, అంతే. ఆ వానాకాలం ఒక పొద్దున్నే ముసలమ్మ కూతురు ఫోన్ చేసింది.

"అమ్మ పోయిందండి. గేటుకు మళ్ళీ తాళం వేశారండి. మీరు రండి."

"కొత్త అయ్యగారు లేరా అమ్మా?"

"వారికి విజయవాడలో మీటింగంటండి."

ఆ మీటింగేంటో ఆ తమ్ముడికే తెలియాలి. ఇది చదువుతుంటే తల వంచుకోనక్కర్లేదు, నేను పేరు రాయను. నేను బస్సెక్కి వెళ్ళేసరికి బాట మీద జనం, జనం మధ్య పెట్టె, ఎదురుగా గేటు. సన్నగా వాన పడుతోంది. వాగు పొంగి పారుతున్న చప్పుడు అక్కడికి వినిపిస్తోంది. మామిడి తోటలో ఒక్క చెట్టుకు ఒక్క కాయ లేదు. కాయలు పోతాయని కదా తాళం! ఇప్పుడేం పోతాయి? ఆకులా? నాకు ఆ క్షణంలో ఆ ఆసామి కనపడితే ఏం చేసేవాణ్ణో, నా పదవి నన్ను ఆపేదో లేదో, నాకే తెలియదు.

సెక్రటరీ గారు గొడుగు కింద నిలబడి ఫోన్లు చేస్తున్నారు. ఆసామి ఎత్తడం లేదు. నాయకుడి మనిషి ఎత్తి, "సార్ పూజలో ఉన్నారు" అన్నాడట. "ఇంకొక్కసారి చూద్దామండి" అంటూ సెక్రటరీ గారు మళ్ళీ నొక్కుతున్నారు. నా మొహం చూడటం లేదు.

ముసలమ్మ కూతురు పెట్టె పక్క నుంచి లేచి వచ్చింది. ఏడవడం లేదు.

"ప్రార్థన చెయ్యండి అయ్యగారండీ" అంది.

నేను బైబిలు గుండెలకు ఆనించుకుని కళ్ళు మూసుకోబోయాను.

"కళ్ళు మూయొద్దండి. ఈసారి తెరిచే చెయ్యండి."

తెరిచే చేశాను. పొట్టిగా, మామూలు గొంతుతో చేశాను. "ప్రభువా, ఈమెను బాటన తీసుకెళ్తామని మాటిచ్చాం. తీసుకెళ్తున్నాం" అన్నాను. గొయ్యి తవ్వడానికి తెచ్చిన గడ్డపార ఒకటి జనంలోంచి ముందుకొచ్చింది. ఎవరు తెచ్చారో నేను చూశాను, చెప్పను. గొలుసులో దూర్చి ఒక్క మెలిక తిప్పగానే తెగి పడింది. గేటును స్తంభాల నుంచి ఊడదీసి పక్కన పడెయ్యడానికి అందరూ చేతులేశారు. గొడుగు ఎప్పుడు కింద పడేశారో ఏమో, సెక్రటరీ గారి చేతులు కూడా అందులో ఉన్నాయి. "ఆమేన్" అని మొదట అన్నది ఆయనే. ముసలమ్మ బాటనే వెళ్ళింది.

ఊరుకుంటారా? కేసు పెట్టారు. మొదటి పేరు నాది. స్టేషన్లో కూర్చోబెట్టి అడిగారు.

"తాళం పగలగొట్టమని మీరే చెప్పారా?"

"లేదండి. ప్రార్థన చేశాను."

"ఏమని?"

"దారిన వెళ్తున్నామని."

"ఎవర్ని అడిగి వెళ్ళారు?"

"అడగడం అంతకుముందే అయిపోయిందండి. కాఫీలు తాగి అడిగాం, మైకులో అడిగాం. ఆ రోజు నేనెవర్నీ అడగలేదు."

నేను రిటైరైనా కేసు రిటైర్ కాలేదు. వాయిదా ఉన్నప్పుడల్లా తిరువూరు వెళ్తాను. సెక్రటరీ గారూ వస్తారు, రెండో పేరు ఆయనది. కోర్టు బయట ఒకే బల్ల మీద కూర్చుంటాం. ఎక్కువ మాట్లాడుకోం. మీ ప్రశ్నకు జవాబు కావాలంటే వచ్చి ఆ బల్ల మీద మా మధ్య కూర్చోండి, చోటుంది.

మొన్న ఈస్టర్‌కి ముందు శనివారం నేనూ ఆ తోటకు వెళ్ళాను. గేటు మళ్ళీ పెట్టలేదు. రెండు స్తంభాలు మాత్రం బాటకు అటొకటి ఇటొకటి ఉత్తగా నిలబడి ఉన్నాయి. వాటికి కూడా తెల్లగా, నున్నగా సున్నం వేసి ఉంది. ఒక్కో స్తంభం మొదట్లో ఒక్కో కొవ్వొత్తి పెట్టి ఉంది. ముసలమ్మ కూతురు బకెట్టు పట్టుకుని వస్తుంటే అడిగాను.

"ఇదేంటమ్మా, గేటు స్తంభాలకు కూడా వేశారు?"

"అదీ సమాధేగా అయ్యగారండీ" అని, బకెట్టు తీసుకుని అమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.